లోహపు బంధాల వెంట సాగిన ఎల్లాప్రగడ అన్వేషణ

ఫెరార్‌గంజ్ (దక్షిణ అండమాన్): వర్షాకాలంలో వరి పొలాల్లోకి దిగే అండమాన్ రైతులను పీడించే లెప్టోస్పైరోసిస్ జ్వరానికి ఇచ్చే డాక్సీసైక్లిన్, గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర, నికోబార్ దీవుల్లో బోదకాలు నివారణకు వాడే డైఇథైల్‌కార్బమజీన్... ఈ మూడు మందుల చరిత్రను వెనుకకు వెదుక్కుంటూ పోతే ఒకే వ్యక్తి పేరు ఎదురవుతుంది. ఆయన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, అమెరికాలో 53వ ఏట కన్నుమూసిన ఈ తెలుగు శాస్త్రవేత్త అండమాన్ దీవులను చూడలేదు. ఆయన మార్గదర్శకత్వంలో వెలువడిన మందులు మాత్రం ఇక్కడి ఆసుపత్రులకు చేరుకున్నాయి.

దక్షిణ అండమాన్‌లో ఒక తాలూకా కేంద్రమైన ఫెరార్‌గంజ్‌కు బ్రిటిష్ పాలనాకాలపు చీఫ్ కమిషనర్ ఫెరార్ పేరిట ఆ నామం ఏర్పడింది. తీరాంధ్ర జిల్లాల నుంచి వలస వచ్చిన తెలుగువారు ఈ దీవుల జనాభాలో గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో సుబ్బారావు పేరు సాధారణంగా విటమిన్ల పరిశోధకునిగా, క్యాన్సర్ మందుకు ఆద్యునిగా కనిపిస్తుంది. అయితే ఆయన కృషిలో ప్రధాన ఘట్టాలను పరిశీలిస్తే వాటి వెనుక రసాయన శాస్త్రంలోని మరొక శాఖ నిలిచి ఉన్నట్లు తెలుస్తుంది. లోహపు అయానుల చుట్టూ ఇతర అణువులు అమరినప్పుడు ఏర్పడే సమన్వయ సమ్మేళనాలు, లోహం కర్బనంతో నేరుగా బంధం ఏర్పరచుకొన్న కర్బన లోహ సమ్మేళనాలు ఈ శాఖకు చెందినవి. సుబ్బారావుకు తొలి కీర్తిని తెచ్చింది ఈ శాఖకు చెందిన ఒక సమ్మేళనమే. జీవితమంతా వెదికినా ఆయన చేతికి చిక్కనిది కూడా ఈ శాఖకు చెందినదే కావడం గమనార్హం.

గ్రహణి వ్యాధి మిగిల్చిన గాయం

సుబ్బారావు 1895 జనవరి 12న నాటి మద్రాసు రాజధానిలోని భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. కుటుంబ ఆర్థిక స్థితి అంతంతమాత్రంగా ఉండేది. పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి దారిలోనే పట్టి తెప్పించింది. చదువు రాజమండ్రిలో ఒడుదుడుకులతో సాగింది. చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగిసిన పిమ్మట ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రులు, తరువాత తన కుమార్తె శేషగిరినిచ్చి వివాహం చేసిన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆ చదువు ఖర్చులు భరించారు. గాంధీజీ పిలుపునకు స్పందించి శస్త్రచికిత్స గదిలో సైతం ఖద్దరు ధరించడంతో ఆచార్యుడైన ఒక ఆంగ్లేయునికి కోపం వచ్చింది. పరీక్షల్లో ప్రతిభ చూపినప్పటికీ ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఇదే కాలంలో ఆయన సోదరులిద్దరు గ్రహణి వ్యాధికి బలయ్యారు. ఆధునిక వైద్యులు స్ప్రూ అని పేర్కొనే ఈ వ్యాధిలో జీర్ణకోశం ఆహారంలోని పోషకాలను గ్రహించలేదు. రోగి రక్తం క్షీణించి, శరీరం శుష్కించిపోతుంది. సుబ్బారావుకు సైతం ఇదే వ్యాధి సోకగా ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. అనంతరం మద్రాసులో లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించారు. గ్రహణికి మందు కనుగొనాలన్న పట్టుదల ఆయనలో బలపడింది ఈ రోజుల్లోనే.

మామగారు సమకూర్చిన ధనంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఇచ్చిన భరోసాతోను ఆయన 1920 దశకం ఆరంభంలో అమెరికాకు ప్రయాణమై బోస్టన్ చేరుకున్నారు. ఆ తరువాత భార్యను తిరిగి చూడలేదు. స్వదేశంలో మళ్లీ అడుగు పెట్టలేదు.

నీలి రంగు చెప్పిన లెక్క

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చదువుతున్న రోజుల్లో సుబ్బారావు పొట్ట గడుపుకోవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని చేశారు. డిప్లొమా పూర్తయిన తరువాత జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధనకు కుదురుకున్నారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కచ్చితంగా కొలిచే విధానం కావాలన్నది అప్పటి సమస్య. అంతకు ముందు వాడుకలో ఉన్న పద్ధతిలో ఏర్పడే రంగు త్వరగా వెలిసిపోయేది.

వీరిరువురు 1925లో ప్రచురించిన ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ఈ లోపాన్ని సరిదిద్దింది. పరీక్షించవలసిన ద్రవానికి ఆమ్లం, మాలిబ్డేట్ లవణం కలిపినప్పుడు ఒక్కొక్క ఫాస్ఫేట్ చుట్టూ పన్నెండు మాలిబ్డినం పరమాణువులు ఆక్సిజన్‌ల సాయంతో కోటగోడలా అమరుతాయి. దీనిలో ఒక్కొక్క మాలిబ్డినం పరమాణువును ఆరు ఆక్సిజన్‌లు చుట్టుముట్టి ఉంటాయి. ఈ సమ్మేళనానికి ఎలక్ట్రాన్లను అందించే మరొక రసాయనం కలిపితే అది గాఢమైన నీలి రంగుకు మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ద్రవంలో భాస్వరం అంత ఎక్కువగా ఉన్నట్లు లెక్క. ఈ రెండవ రసాయనంగా సుబ్బారావు, ఫిస్క్ అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని ఎంచుకొనడంతో రంగు నిలకడగా వచ్చింది. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరింపబడిన పత్రాల్లో ఇది ఒకటిగా నిలిచింది.

లోహం కేంద్రంలో ఉండి, దాని చుట్టూ నిర్ణీత సంఖ్యలో ఇతర అణువులు అమరుతాయన్న సూత్రాన్ని 1893లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో పనిచేస్తున్న ఆల్ఫ్రెడ్ వెర్నర్ ప్రతిపాదించారు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు. కోబాల్టు క్లోరైడు, అమోనియా కలిసిన లవణాలు కొన్ని పసుపు, కొన్ని ఊదా, కొన్ని ఆకుపచ్చ రంగుల్లో ఉండేవి. వాటికి వెండి లవణాన్ని కలిపితే పసుపు లవణం నుంచి మూడు క్లోరిన్‌లూ విడివడి తెల్లని అవక్షేపంగా దిగేవి. ఊదా లవణం నుంచి రెండు, ఆకుపచ్చ లవణం నుంచి ఒకటి మాత్రమే దిగేవి. మిగిలిన క్లోరిన్‌లు కోబాల్టును గట్టిగా అంటిపెట్టుకొని ఉండడమే దీనికి కారణమని వెర్నర్ తేల్చారు. కోబాల్టు చుట్టూ ఎల్లప్పుడూ ఆరు స్థానాలుంటాయి. ఆ స్థానాల్లో కూర్చునే అణువులను లైగాండ్‌లని, స్థానాల సంఖ్యను సమన్వయ సంఖ్య అని వ్యవహరిస్తారు. ఈ సిద్ధాంతానికి వెర్నర్ 1913లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఆలస్యంగా వచ్చిన రంగు

కండరాల సారాన్ని తమ పద్ధతితో పరీక్షిస్తున్నప్పుడు ఫిస్క్, సుబ్బారావులకు ఒక వింత ఎదురైంది. నీలి రంగు వెంటనే పూర్తిగా రాకుండా నిమిషాల తరబడి క్రమంగా చిక్కబడుతూ వచ్చింది. దీనిని కొలతలోని పొరపాటుగా కొట్టివేయకుండా కారణం అన్వేషించగా, కండరంలో ఫాస్ఫేట్‌ను తనలో దాచుకొన్న మరొక పదార్థం ఉన్నట్లు తేలింది. ఆమ్లంలో అది నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ ఫాస్ఫేట్‌ను విడుదల చేయడమే రంగు ఆలస్యానికి హేతువు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఇది వెల్లడైంది. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఎ.టి.పి.ని ఇదే జంట వేరు చేసింది. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నారు.

జీవకణాలు శక్తిని వినియోగించుకునేది ఎ.టి.పి. రూపంలోనే. ఇక్కడ కూడా లోహం పాత్ర ఉన్నదని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. కణంలో ఎ.టి.పి. చాలావరకు ఒంటరిగా ఉండదు. దాని ఫాస్ఫేట్ భాగాన్ని ఒక మెగ్నీషియం అయాను పట్టుకొని ఉంటుంది. ఎంజైములు గుర్తించేది సాధారణంగా ఈ జంట రూపాన్నే.

ఇంతటి పరిశోధన జరిపిన వ్యక్తికి 1930లో డాక్టరేట్ పట్టా లభించినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం దక్కలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్క్ కారణంగా వెలుగులోకి రాలేదని, వాటిని తరువాత ఇతరులు తిరిగి కనుగొనవలసి వచ్చిందని, అదే ప్రయోగశాలలో పనిచేసి 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ అనంతర కాలంలో పేర్కొన్నారు.

కాలేయంలో దాగిన ఎర్రని స్ఫటికం

పెర్నీషియస్ ఎనీమియా అనే ప్రాణాంతక రక్తహీనత రోగులకు కాలేయం తినిపిస్తే కోలుకుంటారని 1926లో అమెరికా వైద్యులు మైనాట్, మర్ఫీ ప్రకటించారు. దీనికి 1934లో వారికి విపుల్‌తో కలిపి నోబెల్ లభించింది. మరోవంక బొంబాయిలో పనిచేసిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతున్నదని 1931లో వెల్లడించారు. కాలేయంలో రక్తాన్ని పుట్టించే పదార్థమేదో తేల్చడం ప్రపంచవ్యాప్తంగా పరిశోధకుల లక్ష్యంగా మారింది. సోదరులను కోల్పోయిన సుబ్బారావుకు ఇది కేవలం శాస్త్ర సమస్య కాదు. 1930 దశకమంతా ఆయన కాలేయ సారాన్ని విడదీస్తూ గడిపారు.

1940లో ఆయన హార్వర్డ్‌ను వీడి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలల్లో చేరి, స్వల్పకాలంలోనే పరిశోధన విభాగానికి సారథి అయ్యారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయడంలో విజయం సాధించింది. వెనువెంటనే వైద్యులు దీనిని గ్రహణి రోగులకు ఇచ్చి చూడగా రక్తం మెరుగుపడింది. రెండు దశాబ్దాలకు ముందు సోదరులను పొట్టన పెట్టుకున్న వ్యాధికి ఆ విధంగా సుబ్బారావు బృందమే మందు సమకూర్చింది.

కాగా, పెర్నీషియస్ ఎనీమియా సమస్య మాత్రం సగమే తీరింది. ఫోలిక్ ఆమ్లంతో ఈ రోగుల రక్తం బాగుపడినా నాడీమండలం దెబ్బతినడం ఆగలేదు. కాలేయంలో మరొక పదార్థం ఉండి తీరాలని దీనితో స్పష్టమైంది. 1948లో అమెరికాలోని మెర్క్, ఇంగ్లాండ్‌లోని గ్లాక్సో సంస్థల శాస్త్రవేత్తలు దానిని ఎర్రని స్ఫటికాలుగా వేరు చేశారు. అదే విటమిన్ బి-12. దానిలో కోబాల్టు ఉన్నదని తేలడం అందరినీ ఆశ్చర్యపరిచింది. వెర్నర్ రంగు లవణాల్లోని లోహమే మానవ రక్తాన్ని కాపాడే విటమిన్ నడుమ కూర్చొని ఉన్నది.

ఆంగ్ల శాస్త్రవేత్త డొరోతీ హాడ్జ్‌కిన్ ఎక్స్-కిరణాల సాయంతో 1950 దశకం మధ్యలో ఈ విటమిన్ నిర్మాణాన్ని తేల్చారు. 1964లో ఆమెకు నోబెల్ లభించింది. కోబాల్టుకున్న ఆరు స్థానాల్లో నాలుగింటిని ఒక వలయంలోని నత్రజనులు, ఐదవ దానిని మరొక నత్రజని ఆక్రమించగా, శరీరంలో పనిచేసే రూపాల్లో ఆరవ స్థానాన కర్బనం ఉంటుంది. లోహానికి, కర్బనానికి మధ్య నేరుగా బంధం ఉన్నందున ఇది కర్బన లోహ సమ్మేళనం అవుతుంది. ఇట్టి సమ్మేళనాలు ప్రయోగశాలల్లో 19వ శతాబ్దం నుంచే తెలుసు. డెన్మార్క్ రసాయనవేత్త జైసె 1827లో ప్లాటినంతోను, ఇంగ్లాండ్‌కు చెందిన ఫ్రాంక్‌లాండ్ 1849లో జింకుతోను వీటిని తయారు చేశారు. ఇవి గాలిలోను, నీటిలోను నిలవవన్న భావన చాలాకాలం ప్రబలంగా ఉండేది. అటువంటి బంధాన్ని ప్రకృతి మానవ శరీరంలోనే భద్రపరచినట్లు 1961లో హాడ్జ్‌కిన్ బృందం రుజువు చేసింది.

ఫోలిక్ ఆమ్లం, బి-12ల మధ్య గల సంబంధం ఈ బంధంలోనే ఉన్నది. ఫోలిక్ ఆమ్లం నుంచి ఏర్పడిన పదార్థం మోసుకొచ్చే మిథైల్ సమూహాన్ని కోబాల్టు అందుకొని మరొక అణువుకు అందజేస్తుంది. బి-12 కొరవడితే ఈ బదిలీ ఆగిపోయి, ఫోలిక్ ఆమ్లం శరీరంలో ఉండి కూడా అక్కరకు రాకుండా చిక్కుకుపోతుంది. ఈ కారణం చేతనే బి-12 లోపం ఉన్నవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తం మెరుగైనట్లు కనిపించినా లోలోపల నరాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నదని వైద్యులు హెచ్చరిస్తారు. బి-12 పాలు, గుడ్లు, మాంసం, చేపల్లో లభిస్తుంది. కూరగాయలు, ధాన్యాల్లో లభించదు. రోజుకు రెండు మూడు మైక్రోగ్రాములు చాలినా, శాకాహారులు అధికంగా ఉన్న మన దేశంలో ఈ లోపం అరుదు కాదు.

పీత డెక్క వంటి పట్టు

సుబ్బారావు సారథ్యంలోనే లెడర్లీలో మట్టి నమూనాల నుంచి కొత్త సూక్ష్మజీవి నాశకాల కోసం గాలింపు జరిగింది. విశ్రాంత వృక్షశాస్త్ర ఆచార్యుడు బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ రాష్ట్రపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి 1945లో బంగారు వన్నె గల ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో ఇది ప్రపంచానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో ఇదే మొదటిది. 1960 దశకంలో వచ్చిన డాక్సీసైక్లిన్ ఈ కుటుంబంలోనిదే.

ఈ మందులు లోహపు అయానులను రెండు వైపుల నుంచి పట్టుకుంటాయి. ఇట్టి పట్టును కీలేట్ అంటారు. గ్రీకు భాషలో పీత డెక్క అనే అర్థమిచ్చే మాట దీనికి మూలం. మెగ్నీషియంను ఆసరాగా చేసుకొని టెట్రాసైక్లిన్ బాక్టీరియా మాంసకృత్తుల తయారీ యంత్రాంగాన్ని అడ్డుకుంటుంది. అదే గుణం వల్ల పాలలోని కాల్షియంతోను, ఇనుము మాత్రలతోను కలిసిపోయి రక్తంలోకి చేరకుండా పోతుంది. కనుక ఈ మాత్రలను పాలతోను, ఇనుము మాత్రలతోను కలిపి మింగరాదు. ఎదిగే పిల్లల దంతాల్లోని కాల్షియంతో కలిసి పసుపు మరకలు ఏర్పరచే కారణంగా పసివారికి, గర్భిణులకు టెట్రాసైక్లిన్‌ను సాధారణంగా వాడరు. డాక్సీసైక్లిన్‌కు కాల్షియంపై ఈ ఆకర్షణ కొంత తక్కువ.

అండమాన్‌లో లెప్టోస్పైరోసిస్‌పై టేలర్, గోయల్ అనే పరిశోధకుల నివేదిక 1931లోనే వెలువడింది. దశాబ్దాల పాటు మరుగున పడిన వ్యాధి 1980 దశకం చివర తిరిగి తలెత్తగా, తొలుత దీనిని అండమాన్ రక్తస్రావ జ్వరంగా వ్యవహరించారు. ఎలుకలు, పశువుల మూత్రంతో కలుషితమైన నీటి నుంచి కాళ్లకున్న గాయాల ద్వారా సూక్ష్మజీవి శరీరంలో ప్రవేశిస్తుంది. వ్యాధి ప్రబలే కాలంలో వారానికొకసారి డాక్సీసైక్లిన్ ఇస్తే సూక్ష్మజీవి సోకడం ఆగకపోయినా జ్వరం బారిన పడేవారి సంఖ్య తగ్గుతున్నదని ఉత్తర అండమాన్‌లో జరిపిన అధ్యయనంలో తేలింది. దీనిని పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు 2000 సంవత్సరంలో ప్రచురించారు. పోర్ట్ బ్లెయిర్ నగరానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు.

బోదకాలుపై వాడే డైఇథైల్‌కార్బమజీన్ 1947లో లెడర్లీ నుంచి హెట్రజాన్ పేరిట వెలువడింది. నికోబార్ దీవుల్లోని నాన్‌కౌరీ సముదాయంలో వ్యాధి అదుపునకు ఈ మందు కలిపిన ఉప్పును సైతం ప్రయోగించి చూశారు.

గుర్తింపు వెనుకబడి నడిచింది

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డగించే అమైనోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం రూపొందించి బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అందజేసింది. రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లల్లో 10 మందికి ఇది తాత్కాలికంగా ఉపశమనం కలిగించినట్లు ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. క్యాన్సర్‌కు రసాయన చికిత్స చరిత్రలో ఇదొక మైలురాయి. దీని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ క్యాన్సర్‌తో పాటు కీళ్లవాతం చికిత్సలోను స్థిరపడింది. ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, డైఇథైల్‌కార్బమజీన్, డాక్సీసైక్లిన్ నాలుగూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో చోటు చేసుకున్నాయి.

ఈ విధంగా 1948 సంవత్సరంలో కొద్ది నెలల వ్యవధిలో ఫార్బర్ ఫలితాలు, బి-12 స్ఫటికాలు, ఆరియోమైసిన్ ప్రకటన వెలువడ్డాయి. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలో గుండెపోటుతో మరణించారు. కోబాల్టు నడుమ ఉన్న విటమిన్ నిర్మాణం తేలడం గాని, తన ఫోలిక్ ఆమ్లానికి దానితో గల సంబంధం వెల్లడి కావడం గాని ఆయన చూడలేదు. భారతీయులకు పౌరసత్వం పొందే హక్కును 1946లో అమెరికా చట్టం కల్పించినప్పటికీ ఆయన అమెరికా పౌరుడు కాలేదు.

శాస్త్ర పత్రాల్లో తన పేరు ముందుండాలని ఆయన ఏనాడు కోరుకోలేదు. లెడర్లీలో వెలువడిన అనేక పత్రాలు సహచరుల పేరిటే ఉన్నాయి. ఈ కారణంగా బహుమతులు, పురస్కారాలు ఆయనను సమీపించలేదు. మరణానంతరం ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని నామకరణం జరిగింది. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది. భాస్వరాన్ని కొలిచేందుకు ఆయన వాడిన నీలి రంగు పరీక్ష, మార్పులతోనే అయినా, నీరు, మట్టి, రక్తం పరీక్షించే ప్రయోగశాలల్లో కొనసాగుతున్నది.